కొత్త ఇంట్లో పాత తాళం

“అయ్యవారూ, నాకంటే హంపన్నలో మీకు ఏం ఎక్కువ కనబడింది?”

ధర్మవరంలో పట్టుచీరలకు అంచులూ కొంగులూ గీయడం నేర్పే చౌడప్పగారిని ఆయన పెద్ద శిష్యుడు ఓబులేసు ఈ మాట అడిగినప్పుడు, సంచీ భుజాన తగిలించుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చెప్పులు కూడా విడవలేదు. జవాబు ఏదైనా సరే, విని ఇంకో మాస్టరు దగ్గరికి వెళ్లిపోదామనే వచ్చాడు. చౌడప్పగారికి ఒక అలవాటు ఉంది. కడుపులో మంట పెట్టుకుని అడిగిన ప్రశ్నకు ఆయన నోటితో జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు.

ఆ మంట సంగతి చెప్పాలి. ఆ గదిలో చీరల నమూనాలు గీసేది ఒకే ఒక్క కంప్యూటరు. అందులోని డిజైను సాఫ్టువేరుకు లైసెన్సు ఉంది. ఆ లైసెన్సుకు తాళంచెవిలాగా బొటనవేలంత డాంగిల్ ఒకటి ఉంది. దాన్ని కంప్యూటరుకు గుచ్చితేనే బొమ్మ తెరుచుకుంటుంది, పీకితే మూసుకుంటుంది. అంత చిన్న వస్తువులో అంత అధికారం ఎలా దాచారో గానీ, ఏళ్ల తరబడి అది ఓబులేసు మొలతాడుకే వేలాడింది. స్నానానికి వెళ్తే విప్పి దేవుడి గూట్లో పెట్టేవాడు. “నా తాళిబొట్టును కూడా నేనింత భద్రంగా చూసుకోను,” అని భార్య నవ్వేది.

పోయిన ఎండాకాలం పాత కంప్యూటరు ఊపిరి వదిలింది. అప్పటికి కొత్తగా చేరిన హంపన్న, మూతబడిన తన నెట్‌సెంటరు నుంచి ఒక కంప్యూటరు మోసుకొచ్చాడు. అందులో కంప్యూటరును నడిపే విండోస్ లేదు, దాని బదులు డబ్బు కట్టకుండా ఊరికే దొరికే లినక్స్ ఉంది. చౌడప్పగారికి ముచ్చటేసింది. ఎప్పుడూ ఓబులేసు పక్కనే ఉండే తన పీట తీసుకెళ్లి హంపన్న పక్కన వేసుకుని, ఆ వయసులో పలక పట్టిన పిల్లాడిలా నేర్చుకోవడం మొదలుపెట్టారు.

అంతే జరిగింది. ఆ మర్నాటి నుంచి ఓబులేసు అయ్యవారికి పొద్దుటి కాఫీ తేవడం మానేశాడు. పిలిస్తే ‘ఆఁ’ అనేవాడు, అంతకుమించి మాట లేదు. ఆ ఇద్దరూ నవ్వుకుంటే తనను చూసే నవ్వుతున్నారనిపించేది. అన్నం సహించేది కాదు.

“పోదువుగానిలే,” అన్నారు చౌడప్పగారు. “సుంకులమ్మ కూతురి పెళ్లిచీర మగ్గం మీద ఆగిపోయింది. నువ్వు గీసిన హంసల అంచే కావాలంట. అది తీసి ఇచ్చి పో.”

హంపన్న గబుక్కున లేచి, భుజం మీది తువ్వాలుతో కుర్చీ దులిపాడు. “రా అన్నా. పాతదాంట్లోని నీ బొమ్మలన్నీ దీంట్లోకి ఎక్కించినా. కానీ ఈ సాఫ్టువేరు విండోస్‌లో పుట్టింది, దీని మాట లినక్స్‌కు తెలీదు. మధ్యలో వైన్ అని ఒక దుబాసీ ప్రోగ్రాం పెట్టినా. తెరుచుకుంటాది గానీ, లైసెన్సు కాడికొచ్చి మొండికేస్తాది.”

ఆ మాట ఓబులేసు చెవికి ఎంత చల్లగా తగిలిందో. “నీకు మొండికేస్తాదప్పా. నాకెందుకు వేస్తాది?” అంటూ మొలతాడు నుంచి డాంగిల్ విప్పి గుచ్చాడు. దాని దీపం వెలిగింది. పాత తెర కళ్ల ముందుకు వచ్చింది. ఓబులేసు హంపన్న వైపు ఓరగా చూశాడు.

ఇంతలో తెర మీద అక్షరాలు పడ్డాయి. తాళం కనబడలేదు, ఈ కంప్యూటరుకు అనుమతి లేదు.

పీకాడు, ఊదాడు, పంచెకు తుడిచి మళ్లీ గుచ్చాడు. మళ్లీ అదే మాట.

“తాళం విరగ్గొట్టిన కాపీ బజారులో దొరుకుతాదంట కదా,” అన్నాడు గొంతు తగ్గించి.

“ఒకరి తాళం విరగ్గొట్టి మనం చీర నేయాల్నా? ఈ కంప్యూటరుకూ అనుమతి ఇమ్మని కంపెనీకి హంపన్న ఉత్తరం రాసినాడు, వాళ్లు ఒప్పుకున్న పొద్దు చూద్దాం,” అంటూ చౌడప్పగారు గ్రాఫు కాగితం, పెన్సిలు ముందుకు జరిపారు. “అంతవరకూ నీ చెయ్యి ఉందిగా. గియ్యి.”

గీయాలంటే మోచెయ్యి ఆడాలి. ఓబులేసు సంచీ దించి కింద పెట్టాడు. మొదటి హంస మెడ వంపు తిరిగింది గానీ కోపం మాత్రం దిగలేదు. గళ్లు నింపుతూనే కంప్యూటరును తిట్టడం మొదలుపెట్టాడు.

“అంచు నాది. తాళం అదే. ఇన్నేళ్లు దీనికి చాకిరీ చేసిన మనిషినీ నేనే. ఏం మారిందని? చోటు మారింది, అంతే కదా. అంతమాత్రానికే ఎవరో దారిన పొయ్యేవాణ్ణి చూసినట్టు చూస్తాదా ఇది? ఇంత మాత్రం గుర్తుపట్టలేదా?”

హంపన్న తల వంచుకున్నాడు. చౌడప్పగారు తాను కూర్చున్న పీట అంచును ఒకసారి చేత్తో తడిమారు.

“ఇది కూడా మూరెడే జరిగిందప్పా, ఓబులేసూ,” అన్నారు.