చౌడమ్మ చోటు

చిదంబరయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడికే ఏదో ఒక పని అప్పగించి, తాను పక్కకు తప్పుకునేవారు. నాగావళి ఒడ్డున మల్లిపేట అనే నేతగాళ్ల ఊళ్లో, భజన మందిరాన్ని ఆనుకుని ఉన్న చిన్న గదిలో ఆయన నివాసం. విజయనగరంలో ఏళ్ల తరబడి సంగీతం నేర్చుకుని, ఆ మీదట వేదాంతం చదువుకోవాలన్న కోరికతో ఆయన్ని వెతుక్కుంటూ వచ్చినవాడు కామేశం.

దీపాలు పెట్టే వేళకు ఊళ్లో మగ్గాలు ఆగేవి. ఆడా మగా కాళ్లు కడుక్కుని మందిరానికి వచ్చి, చాపల మీద కూర్చుని పాడేవారు. వారిలో ఎవరికీ సంగీతం రాదు. అప్పలసూరి హార్మోనియం మీద ఏ శ్రుతి పెడితే దానికి దగ్గరలో ఎక్కడో అందుకుని, గొంతు కొద్దీ పాడుకుని, పగటి బడలిక అంతా అక్కడే వదిలేసినట్టు తేలిగ్గా ఇళ్లకు పోయేవారు. కామేశానికి మాత్రం ఆ కాసేపూ పంటి కింద రాయి పడ్డట్టే ఉండేది.

ఒకనాడు ఉండబట్టలేక గురువుగారిని అడిగాడు. "పాడటం రానివాళ్లు ఇంతమంది చేరి ఎన్నాళ్లు పాడినా, అది పాట అవుతుందా గురువుగారూ?"

చిదంబరయ్యగారు శిష్యుడి వంక చూసి, "రేపటి నుంచి మందిరం నీది. నీకు తోచినట్టు దిద్దు" అన్నారు.

కామేశం శ్రద్ధగానే దిద్దాడు. ఎవరినీ చిన్నబుచ్చలేదు. శ్రుతి తప్పేవారిని వెనక్కి జరిపాడు, బాగా పాడేవారిని ముందుకు తెచ్చాడు. తాళం వేగాన్ని సరిచేశాడు. ఎంత చేసినా ఒక్క గొంతు మాత్రం లొంగలేదు. అది చౌడమ్మది. మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతికే నడివయసు మనిషి. గోడవార, కిటికీ కింద చాప చివర కూర్చునేది. ఆమె అందరికంటే కింద శ్రుతిలో అందుకుని, అందరూ ముగించాక కూడా ఆఖరి మాటను సాగదీసుకుంటూ వచ్చి, తీరిగ్గా ఆపేది. కామేశం ఆమె దగ్గరకు వెళ్లి ఎంతో మెత్తగా చెప్పాడు.

"అమ్మా, మీరు పెదవులు కదపండి, చాలు. గొంతు ఎత్తకండి."

"అలాగే బాబూ" అంది చౌడమ్మ. ఆ మాట అన్నాక కొంగుతో నోరు తుడుచుకుంది.

ఆ సాయంత్రం పాట పలక మీద గీత గీసినట్టు తిన్నగా సాగింది. కామేశం కళ్లు మూసుకుని విన్నాడు. చరణం ముగిసింది, తాళాలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో, అందరికంటే కింద శ్రుతిలో, ఆఖరి మాట నెమ్మదిగా సాగుతూ వచ్చి ఆగింది.

చిరాకుగా కళ్లు తెరిచి చూశాడు. చౌడమ్మ పెదవులు బిగించుకుని కూర్చుని ఉంది. ఆమె కూడా అందరిలాగే ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందా అని చూస్తోంది. ఆమె ముఖం పాలిపోయింది. రెండో చరణానికీ అలాగే అయింది. మూడో చరణం ఎవరూ ఎత్తుకోలేదు.

మర్నాడు చౌడమ్మ రాలేదు. గొంతు వచ్చింది. కిటికీ కింద, ఎవరూ లేని చాప చివర నుంచి, మనిషి కూర్చుంటే నోరు ఎంత ఎత్తులో ఉంటుందో సరిగ్గా అంత ఎత్తు నుంచి అది పాడింది. పక్కన కూర్చున్న ఆడవాళ్లు కుచ్చిళ్లు దగ్గరకు లాక్కుని దూరంగా జరిగారు. అప్పలసూరి వేళ్లు హార్మోనియం మీదే ఆగిపోయాయి. గొంతు మాత్రం ఆగలేదు. చరణం పూర్తిచేసి, తరువాతి చరణం ఎవరైనా అందుకుంటారేమోనని చూస్తున్నట్టు ఊరుకుంది. ఆ ఊరుకోవడమే పాటకంటే భయంగా అనిపించింది కామేశానికి.

ఆ తరువాత జనం పలచబడ్డారు. ఒక సాయంత్రం మందిరంలో గురువుగారూ కామేశమూ తప్ప ఎవరూ లేరు. దీపం పెట్టగానే, ఎవరూ ఎత్తుకోకుండానే, గొంతు తనంత తానే మొదలుపెట్టింది. చిదంబరయ్యగారు కదలకుండా విన్నారు. కామేశం ఏం చెయ్యమంటారని అడిగాడు. మందిరం తనది కాదు కదా అన్నట్టు ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

తెల్లవారాక కామేశం చౌడమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె రాట్నం ముందు కూర్చుని కండె చుడుతోంది. అతన్ని చూసి లేవబోయి, ఏదో అనడానికి నోరు తెరిచింది. ఏమీ వినపడలేదు. మళ్లీ నోరు మూసుకుని తల దించుకుంది. లోపలి నుంచి వచ్చిన కోడలు ఆమె బదులు చెప్పింది.

"ఆ రోజు నుంచీ ఇంతే బాబూ. నోరు తెరిస్తే గాలొస్తాది గానీ మాట రాదు. పగలల్లా రాట్నం దగ్గర ఏదో ఒకటి పాడుకునే మనిషి. ఇప్పుడు ఇంట్లో రాట్నం చప్పుడొక్కటే. పిల్లలు జడుసుకుంటున్నారు."

కామేశం నేల మీద కూర్చుండిపోయాడు. తన వల్ల తప్పు జరిగిందని, సాయంత్రం మందిరానికి రమ్మని బతిమాలాడు. చౌడమ్మ తల అడ్డంగా ఊపింది. చాప పరిచి ఉన్నట్టు చేత్తో చూపించి, ఆ చోట ఎవరో కూర్చున్నట్టు సైగ చేసి, తన గుండె మీద చెయ్యి వేసుకుని, మరి నేనెక్కడ కూర్చోను అన్నట్టు చూసింది. అయినా అతను ఆమె కాళ్ల దగ్గర నుంచి లేవలేదు. చివరికి కోడలే అత్త చెయ్యి పట్టుకుని లేపింది.

పొద్దు వాలుతుండగా ముగ్గురూ మందిరానికి వచ్చారు. సంగతి తెలిసి ఊరివాళ్లు వాకిట్లో గుమిగూడారు కానీ ఎవరూ గడప దాటలేదు. కామేశం దీపం వెలిగించాడు. కిటికీ కింద గొంతు మొదలైంది. తన గొంతును తానే ఎదురుగా వింటూ చౌడమ్మ గుమ్మానికి అతుక్కుపోయింది.

కామేశానికి తెలిసిన రాగాలేవీ అప్పుడు అక్కరకు రాలేదు. వెళ్లి ఆ చాప మీద, ఖాళీ చోటు పక్కన కూర్చున్నాడు. మోకాలికి చల్లగాలి తగిలింది. కళ్లు మూసుకుని ఆ గొంతుతో కలిపి పాడటం మొదలుపెట్టాడు. అది ఎక్కడ కిందికి జారితే అక్కడికి జారాడు, ఎక్కడ సాగితే అక్కడ సాగాడు. సాధన చేసిన గొంతు మొరాయించి రెండుసార్లు జీరపోయింది. మూడోసారి తప్పో ఒప్పో చూసుకోవడం మానేశాడు. చిన్నప్పుడు అమ్మతో పడవలో ఏరు దాటుతూ, నీళ్లలో చెయ్యి పెట్టి నోటికొచ్చింది పాడిన రోజు గుర్తొచ్చింది. సంగీత పాఠంలో తాళం తప్పినప్పుడల్లా తొడమీద దెబ్బ పడే రోజులు అప్పటికి ఇంకా రాలేదు. అతని కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆ నీళ్లతోనే నవ్వు కూడా వచ్చింది.

ముందు అప్పలసూరి గడప దాటాడు. అతని వెనక మిగిలినవాళ్లు వచ్చారు. తలా ఒక శ్రుతిలో, తలా ఒక వేగంలో పాట పెరిగి పెద్దదయి కప్పు పెంకుల దాకా నిండింది. చరణం ముగిసింది, తాళాలు ఆగాయి. ఆఖరి మాట ఒక్కటే కింద శ్రుతిలో సాగుతూ వచ్చింది. కామేశం పక్కకు తిరిగి చూశాడు. చాప చివర చౌడమ్మ కూర్చుని ఉంది. ఆమె నోరు తెరిచి ఉంది. ఎప్పుడు వచ్చి కూర్చుందో, పాట ఏ క్షణాన ఆమె నోటికి చేరిందో అతనికి తెలియలేదు. ఆమె మాత్రం ఆ మాటను తీరిగ్గా ముగించి, కొత్త పాట ఎత్తుకోమన్నట్టు అప్పలసూరి వంక చూసింది.

అందరూ వెళ్లాక కామేశం గురువుగారి దగ్గర కూర్చున్నాడు. తాను మొదట అడిగిన ప్రశ్న మళ్లీ అడగలేదు. ఇన్నాళ్లూ ఆ గొంతు ఇక్కడ ఒంటరిగా ఎలా ఉందని మాత్రం అడిగాడు.

చిదంబరయ్యగారు దీపం వత్తి తగ్గించి, "దానికి ఈ చోటు అలవాటు నాయనా, అందుకని ఇక్కడే ఉండిపోయింది" అన్నారు. శిష్యుడి వంక తిరిగి, "నీ గొంతు ఏ ఏట్లో ఉండిపోయిందో" అన్నారు.