చుక్కడి గోనెపట్టా

చిన్న కథే పిల్లలూ. నోట్లో వేసుకున్న బెల్లంముక్క కరిగేలోపు అయిపోతుంది.

అనగనగా ఒక అడవిలో, చుట్టూ ముళ్లకంప పేర్చుకుని ఒక మేకల మంద ఉండేది. మందకు పెద్ద గంభీరయ్య అనే మేకపోతు. పిడుగు పడినా బెదరనంటాడు. ఎండుటాకు రాలితే మాత్రం ముందు పరుగెత్తేది ఆయనే. ఇక ఆయన భార్య సంగతి మొదలుపెడితే తెల్లారిపోతుంది. ఎక్కడున్నాం? ఆఁ, కుక్క దగ్గరికి రావాలి కదూ.

ఆ మందకు కాపలా చుక్కడు అనే కుక్క. వాడికి పిడుదులు పట్టాయి. చెవుల్లో, వేళ్ల సందుల్లో, మెడ కింద చింతగింజల్లా ఉబ్బి రక్తం తాగుతున్నాయి. గోక్కుని గోక్కుని చుక్కడు నీరసించాడు. నక్క కంప దాకా వచ్చినా మొరగలేకపోయాడు.

"కాయలేనివాడు మనకెందుకు?" అన్నాడు గంభీరయ్య. "నక్కబావ తానే కాస్తానంటున్నాడు. నన్ను చూస్తే చాలు, పెదవులు నాక్కుంటాడు. ఎంత ప్రేమో!"

ముసలి మేక గడ్డాలమ్మ అడ్డుపడింది. "అమావాస్య దాకా ఆగు నాయనా. వాణ్ణి నేను బాగుచేస్తాను."

మేకలన్నిటినీ పిలిచి, "వేపాకు మెత్తగా నమిలి ఈ గుంటలో ఉమ్మండి" అంది. అవి నమిలాయి. మింగేశాయి.

"ఇదేమిటే?"

"అలవాటమ్మా!"

మిగిలిన ముద్ద చుక్కడి తోకకు సరిపోయింది. తోక బాగుపడింది.

ఈసారి గడ్డాలమ్మ వావిలాకు తెచ్చింది. ఆ ఘాటుకు ఏ మేకా మింగలేదు. బుద్ధిగా ఉమ్మాయి. వేపాకు తానే నమిలి అందులో కలిపి, చుక్కడి ఒళ్లంతా పట్టించింది. పుండ్లు భగ్గుమన్నా వాడు కిక్కురుమనలేదు. అంత ఓర్పు ఆ మందలో ఇంకెవరికీ లేదు. పిడుదులు రాలిపోయాయి. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాయి.

గంభీరయ్య నవ్వాడు. గడ్డాలమ్మ నవ్వలేదు. చుక్కడు పడుకునే గోనెపట్టాను పట్టి దులిపింది. పిడుదులు జలజలా రాలాయి.

"ఒరే, నేను మందు పూసేది నీకు. అవి కాపురముండేది ఇక్కడ. దీన్ని పారెయ్యి."

"అవ్వా, మా అమ్మ నన్ను దీనిమీదే కన్నది. ఇంకా ఆమె వాసన వస్తుంది."

"వస్తుందిరా. ఈ పిల్లలకూ అమ్మలున్నారు. కంప అవతల నక్క ఉంది."

చుక్కడు మేకపిల్లల వైపు చూశాడు. గోనెపట్టాను నోట కరుచుకుని, ఈడ్చుకెళ్లి కంప అవతల వదిలేశాడు. వెనక్కి చూడలేదు. గడ్డాలమ్మ వాడి చోటంతా ఊడ్చి ఎండు వేపాకు పరిచింది. మళ్లీ మందు పట్టించింది. పిడుదులు ఇక తిరిగి రాలేదు. అమావాస్య నాటికి చుక్కడి అరుపుకు కొండ మారుమోగింది.

పారేసిన గోనెపట్టాను నక్క ఎత్తుకుపోయింది. మెత్తగా ఉందని దానిమీదే పడుకుంది. కొన్నాళ్లకు గోక్కుంటూ కంప దగ్గరికొచ్చి, "అత్తా, నాకూ ఆ మందు పుయ్యవూ?" అంది. చుక్కడు పక్కన నిలబడగా గడ్డాలమ్మ పూసింది.

పిడుదులు పోయాయి. నక్కకు హాయిగా ఉంది. మెత్తటి పట్టాను వదల్లేక అప్పటినుంచి పూతా మానలేదు. అది కొండ దిగుతుండగానే ఆ ఘాటుకు మేకలన్నీ తుమ్ముతాయి. దొంగచాటుగా రాలేక నక్క వెనుదిరుగుతుంది; చుక్కడు లేవనైనా లేవడు.

నీతి: ఒంటికి మందు పూస్తే సగం పనే అవుతుంది; ఎంత ప్రియమైనదైనా సరే, పీడ కాపురమున్న పడకను వదులుకుంటేనే మిగతా సగం.