దుబాసీ మింగిన మాట

రాతికనుమ అనే కొండ ఊళ్ళో ఓబుళేసు అనే దుబాసీ ఉండేవాడు. రెండు భాషలూ గడగడా మాట్లాడేవాడు గానీ, దొరకి చేదుగా తగిలే మాట ఒక్కటి కూడా ఈ భాషలోంచి ఆ భాషలోకి దాటనిచ్చేవాడు కాదు.

దొర అంటే ఆ ఊరి దొర కాదు. సముద్రం అవతలి దేశం నుంచి సైన్యాన్ని వెంటేసుకుని వచ్చిన దొర. కొండల్లో ఏడుగురు దోపిడీగాళ్ళు దాక్కున్నారనీ, ఓడరేవుకు పోయే తమ వర్తకుల్ని కొట్టి చంపుతున్నారనీ, వాళ్ళని పట్టుకుని ఆర్నెల్లలో వెళ్ళిపోతామనీ చెప్పి వచ్చాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఏడుగురూ ఉన్నారు, దుర్మార్గులే. ఊరివాళ్ళకీ వాళ్ళంటే గిట్టేది కాదు. మొదటి ఏడాది సైనికులకు మజ్జిగ పోసి, కొండదారులు చూపించింది కూడా ఊరివాళ్ళే. ఏడుగురిలో ఐదుగురు దొరికారు. వాళ్ళని ఉరితీశారు. ఇక పని అయిపోయింది, వెళ్ళిపోతారు అనుకున్నారు జనం.

వెళ్తేగా. మిగిలిన ఇద్దరి కోసం ఉండిపోయారు. ఆ ఇద్దరి కోసం ఇళ్ళు సోదా చేశారు, గాదెల్లో ధాన్యాన్ని బరిసెలతో పొడిచి చూశారు, మీసాలు రాని కుర్రాళ్ళని మిట్టమధ్యాహ్నం ఎండలో వరసగా మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. ఏడాది తిరిగేసరికి ఆ ఇద్దరు కాస్తా ఇరవైమందయ్యారు. ఇరవైమందిని పట్టడానికి ఇంకో పటాలం దిగింది. పటాలం దిగాక ఇరవై వందయింది. ఇలా పన్నెండేళ్ళు గడిచాయి. వింటుంటే నవ్వొస్తుంది కదూ. అక్కడ బతికినవాళ్ళకి రాలేదు.

ఈ పన్నెండేళ్ళూ దొరకి చెవీ నోరూ ఓబుళేసే. ఒకసారి ఒక ముసలమ్మ, పాలిచ్చే మేకను సైనికులు కోసుకు తిన్నారని ఠాణా ముందు కూలబడి గుండెలు బాదుకుంది.

"ఏమంటోంది?" అని అడిగాడు దొర.

"మీ సైనికులు కడుపునిండా తిన్నారా అని అడుగుతోంది దొరా" అన్నాడు ఓబుళేసు.

దొర సంతోషించి ముసలమ్మకి ఒక బిస్కెట్ల డబ్బా ఇప్పించాడు. ఆవిడ ఆ డబ్బా వంకా, ఓబుళేసు వంకా చూసి, డబ్బా అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

అలాగని ఓబుళేసు చెడ్డవాడేం కాదు. చేదుమాట చెబితే దొర మండిపడతాడు, ఆ మంట ఊరిమీద పడుతుంది, అదే తియ్యగా చెబితే అందరూ చల్లగా ఉంటారు అని అతని నమ్మకం. పైగా అతని ఇంటిమీద కొత్త పెంకులూ, కూతురు ఈరమ్మ ఒంటిమీద పట్టు పావడా ఆ తియ్యటి మాటల చలవే. మనిషికి తన మేలు, లోకం మేలు ఒకటేనని అనిపించడం మొదలైతే ఇక ఎవరూ బాగుచెయ్యలేరు.

రాతికనుమలో అందరికీ ఉన్న ఆచారమే ఒకటుంది. పాడె ఎత్తాక, ఊరికీ వల్లకాటికీ నడుమ ఒకచోట దింపుతారు. దాన్ని దింపుడు కళ్లం అంటారు. కొడుకో, దగ్గరివాళ్ళో వంగి, పోయినవాళ్ళ చెవి దగ్గర నోరు పెట్టి, పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఏ మూలైనా మిగిలి ఉంటే పలుకుతారేమోనని చివరి ఆశ. ఎవరూ పలకరు. అయినా పిలవకుండా కాల్చిన శవం ఆ ఊళ్ళో లేదు.

దారి సన్నగా ఉందని సైన్యం సరిగ్గా ఆ దింపుడు కళ్లం దగ్గరే గేటు పెట్టింది. చాలాకాలం సైనికులు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఒకనాడు దొర స్వయంగా చూశాడు. అంతకు ముందు వారమే కొండల్లో అతని సైనికులు ఇద్దరు చచ్చిపోయారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"శవం చెవిలో ఏం చెబుతున్నారు? శవంతో ఎవరైనా మాట్లాడతారా? ఆ వంకతో పక్కనున్నవాడికి ఏదో కబురు అందిస్తున్నారు" అన్నాడు.

ఆచారం ఏమిటో రెండు ముక్కల్లో చెప్పెయ్యొచ్చు. కానీ ఊరివాళ్ళని వెనకేసుకొస్తున్నాడని దొర తననీ అనుమానిస్తాడేమోనని ఓబుళేసుకి దడ పుట్టింది.

"అబ్బే, ఏదో పాతకాలపు మూఢాచారం దొరా. ఆపేసినా ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు.

మర్నాడే హుకుం వచ్చింది. గేటు దగ్గర శవాన్ని దించకూడదు. ఆగకుండా పోవాలి. ఊరి పెద్దలు ఓబుళేసు ఇంటికి వచ్చి, దొరకి నచ్చజెప్పమని చేతులు పట్టుకున్నారు. "చెప్పి చూశాను, వినడంలేదు" అన్నాడు అతను. అటు ఒక అబద్ధం, ఇటు ఒక అబద్ధం.

ఆ ఊరివాళ్ళు రాళ్ళు కొట్టి బతికేవాళ్ళు. బండకి గుంట వేసి, అందులో తుపాకిమందు కూరి, పేల్చి, పలకలు తీసేవాళ్ళు. హుకుం వచ్చిన మూడోనెలలో, ఓబుళేసు చెల్లెలు సుంకమ్మ మొగుడు గిడ్డయ్య మీద క్వారీలో బండ దొర్లి పడింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. వాళ్ళకి ఒక్కడే కొడుకు, మద్దిలేటి. పంతొమ్మిదేళ్ళవాడు, తండ్రి దగ్గరే పని నేర్చుకుంటున్నాడు. ఈరమ్మ పుట్టిననాడే వాడి పెళ్ళామని అందరూ అనుకున్నారు.

పాడె కడుతుంటే సుంకమ్మ అన్న దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఆయన నోట్లో చుక్క నీళ్ళు పొయ్యడానికి కూడా మాకు దక్కలేదు. కొడుకు చేత పిలిపించుకోకుండా పోకూడదు. నువ్వు దొరతో ఒక్కమాట చెప్పు. నీ మాటంటే ఆయనకి గురి."

"నేనున్నాను కదా, నేను చూసుకుంటాను" అన్నాడు ఓబుళేసు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అనుకున్నాడు పాపం.

గేటు దగ్గరికి వచ్చేసరికి దొర అక్కడే నిలబడి ఉన్నాడు. నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తున్న మద్దిలేటి ఆగాడు. పొగరుగా మాట్లాడలేదు. కుండ కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"దొరా, ఈయన మా నాయన. ఒక్కసారి దింపి, పేరుపెట్టి మూడుసార్లు పిలుచుకుంటాను. పిలవకుండా కాలిస్తే బతికున్న మనిషిని కాల్చినంత పాపం మాకు. అనుమానముంటే మీ మనిషిని నా పక్కనే కూర్చోబెట్టుకోండి. మా పాడెని సోదా చేసుకోండి. పిలిచి వెళ్ళిపోతాం."

"ఏమంటున్నాడు?" అన్నాడు దొర.

ఓబుళేసు నోరు తెరిచాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దొర చెయ్యి నడుముకున్న తుపాకి మీద ఉంది. చుట్టూ సైనికులు. మూడునెలల కిందట ఎవరూ ఏమీ అనుకోరని చెప్పినవాడు తనే. ఇప్పుడు నిజం చెబితే ఆ అబద్ధం బయటపడుతుంది. ఓబుళేసు గుటక వేశాడు.

"త్వరగా వెళ్ళిపోతాం, దారి వదలమంటున్నాడు దొరా" అన్నాడు.

"అయితే పొమ్మను."

ఓబుళేసు మేనల్లుడి వైపు తిరిగాడు. "కుదరదన్నాడురా. పదండి."

మద్దిలేటి అతని మొహంలోకి చూశాడు. "నేను అంతసేపు మాట్లాడాను. నువ్వు రెండు ముక్కలే చెప్పావు మామా."

మామ నేలచూపులు చూశాడు. మద్దిలేటి మోసేవాళ్ళకి దింపమని సైగ చేశాడు. వెళ్ళిపోతామని చెప్పి మళ్ళీ దింపుతున్నారేమిటని దొరకి కోపం వచ్చింది. అతని వైపునుంచి చూస్తే మాట తప్పింది వాళ్ళే మరి. కేకేశాడు. ఒక సైనికుడు ముందున్నవాడి భుజం మీద తుపాకి మడమతో కొట్టాడు. పాడె ఒరిగి, గిడ్డయ్య దుమ్ములో పడ్డాడు. మద్దిలేటి తండ్రి చెవి దగ్గరికి వంగాడు. "నాయ..." అనేలోపు జుట్టు పట్టుకుని వెనక్కి ఈడ్చేశారు. ఒక్క పిలుపు కూడా పూర్తి కాలేదు. వాణ్ణి ఠాణాలో వేసి, మిగతావాళ్ళని వల్లకాటికి తోలేశారు. కొడుకు లేకుండానే, ఎవరూ పిలవకుండానే గిడ్డయ్యని కాల్చారు.

నలభైరోజుల తర్వాత మద్దిలేటిని వదిలిపెట్టారు. వాడు ఇంటికి రాలేదు. అప్పటిదాకా కొండల్లో ఉన్నవాళ్ళని దొంగలనే అనేవాడు వాడు. ఎవరో వచ్చి వాడికి ఏదో నూరిపోశారని తర్వాత చాలామంది అన్నారు. ఎవరూ రాలేదు. వాడే వాళ్ళని వెతుక్కుంటూ పోయాడు.

పదకొండు నెలలు గడిచాయి. ఆ రోజు సంత. గేటు దగ్గర మగవాళ్ళది ఒక వరస, ఆడవాళ్ళది ఒక వరస. చింతపండు బస్తాల బండి తోలుకుంటూ గడ్డం పెంచిన మనిషి ఒకడు వచ్చాడు. బస్తాల అడుగున రాళ్ళు పేల్చే మందు ఉంది. సైనికుడు పై బస్తా మీద చెయ్యి వేశాడు.

నలుగురు సైనికులు చచ్చారు. పద్నాలుగుమంది ఊరివాళ్ళు చచ్చారు. అందులో గాజులమ్మే మనిషి ఉంది, అవ్వ చెయ్యి పట్టుకున్న ఇద్దరు పిల్లలున్నారు, ఆడవాళ్ళ వరసలో నిలబడ్డ ఈరమ్మ ఉంది. బండి తోలుకొచ్చిన మద్దిలేటి కూడా మిగల్లేదు. వాడు ఈరమ్మని చూశాడో లేదో ఎవరికీ తెలియదు. చూడలేదనే అనుకుందాం. చూడకపోయినా చేసింది ఘోరం. తన తండ్రిని పిలుచుకోనివ్వలేదని ఊళ్ళో పద్నాలుగుమందిని పిలిచినా పలకనివాళ్ళని చేశాడు. వాడికి జరిగింది అన్యాయమే, అంత మాత్రాన వాడు చేసింది న్యాయం అయిపోదు.

మూడోరోజు దొర ఓబుళేసుని పిలిపించాడు. దొర చిక్కిపోయి ఉన్నాడు. దొరది కూడా రాతిగుండె కాదు, చచ్చిన నలుగురిలో ఒకడు అతని సొంత తమ్ముడు.

"రోడ్డు వేశాం. బావులు తవ్వించాం. ఆసుపత్రి కట్టాం. ఈ జనానికి మేమంటే ఎందుకింత పగ? నువ్వైనా చెప్పు" అన్నాడు.

ఓబుళేసు ఈసారి కళ్ళు దించలేదు. గేటు దగ్గర మద్దిలేటి ఆ రోజు అన్న మాటలన్నీ మొదటినుంచి చివరిదాకా దొర భాషలో చెప్పాడు. తను వాటిని ఎలా మార్చాడో చెప్పాడు. మేక సంగతి చెప్పాడు. పన్నెండేళ్ళుగా కడుపులో దాచుకున్న మాటలన్నీ కక్కేశాడు.

"మేం రాళ్ళు కొట్టేవాళ్ళం దొరా. మందు ఆరుబయట పోసి నిప్పు పెడితే భుస్సుమని ఆరిపోతుంది. గుంటలో పోసి, పైన మట్టి బిగించి కూరితేనే బండ బద్దలవుతుంది. మీరు పన్నెండేళ్ళుగా బిగిస్తూనే ఉన్నారు. బిగుసుకోలేదని మీకు చెబుతూ వచ్చినవాణ్ణి నేను."

"అయితే మేం వెళ్ళిపోతే అంతా సర్దుకుంటుందంటావా?" అన్నాడు దొర.

"వెళ్ళిన మర్నాడే బాగుపడుతుందని చెప్పను. కొండల్లో ఉన్నవాళ్ళు దేవుళ్ళు కారు. మీరు పోయాక వాళ్ళతో మా తిప్పలు మేం పడతాం. కానీ మీరు ఉన్నన్నాళ్ళూ వాళ్ళు తరగరు. మీరు వచ్చినప్పుడు ఏడుగురు."

దొర కిటికీ వైపు తిరిగాడు. తమ్ముడి కత్తి ఆ గోడకే వేలాడుతోంది. ఇప్పుడు వెళ్ళిపోతే వాడు ఊరికే చచ్చినట్టు అవుతుందనిపించింది అతనికి. ఇంకో నలుగురి తమ్ముళ్ళు చస్తే ఇది సరిపోతుందా అని మాత్రం అనిపించలేదు.

"కూతురు పోయి నీకు మతి చలించింది. ఇక పనిలోకి రానక్కర్లేదు" అన్నాడు.

ఆ సాయంత్రమే ఇంకో వెయ్యిమంది సైనికుల్ని పంపమని తన రాజుకి ఉత్తరం రాశాడు. ఇక్కడి జనం పుట్టుకతోనే నెత్తురు మరిగినవాళ్ళని అందులో రాశాడు.

ఓబుళేసు ఇంటికి వచ్చేసరికి సుంకమ్మ అతని అరుగు మీద కూర్చుని ఉంది. ఊళ్ళో ఎవరూ ఆమె మొహం చూడటంలేదు. హంతకుడి తల్లి కదా. అతను కూడా ఆమెను పొమ్మంటాడని ఎదురుగా కుర్రాళ్ళు నిలబడి చూస్తున్నారు. అతను ఆమె పక్కన కూర్చున్నాడు.

"నీ బిడ్డని నా బిడ్డ చంపాడన్నా" అంది సుంకమ్మ. "వాడి పాపం వాడిదే. నేను కాదనను. కానీ నేను కన్నది హంతకుణ్ణి కాదు."

"తెలుసమ్మా. ఈ రోజు దొరకి అన్నీ చెప్పేశాను. ఒక్క ముక్క కూడా దాచలేదు" అన్నాడు ఓబుళేసు. ఆమె ఏదైనా అంటుందని, కనీసం తల ఊపుతుందని చూశాడు.

"ఆ రోజు చెప్పాల్సింది" అంది సుంకమ్మ. కొంగు దులుపుకుని లేచి, ఒంటరిగా ఇంటికి వెళ్ళిపోయింది.



నీతి: పరాయి గడ్డ మీద తిష్ఠ వేసిన సైన్యం ఎన్నాళ్ళుంటే అంతగా తన శత్రువుల్ని తనే పెంచుకుంటుంది, ఆ పగ పేలిననాడు చచ్చేది మాత్రం ఏ పాపం ఎరుగనివాళ్ళే, అందుకే బలవంతుడికి నిజం చెప్పగలిగిన చోట ఉన్నవాడు, అది చెప్పవలసిన రోజునే చెప్పాలి.