బీరువాలోకి పోయిన గోపురం

“ఈ రోజు నుంచి సింగరాయదుర్గం దాటి పోయే ప్రతి ఉత్తరం మీదా మన గోపురం ఉంటుంది.”

పోస్టాఫీసు మెట్ల మీద నిలబడి, మెడలో దండతో, పోస్టుమాస్టరు కమలాక్షమ్మ అన్న మాట ఇది. ఊరు చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టినవాడు ప్రహ్లాద. ఆ బొమ్మ ముద్రను గీసిందీ, ఇత్తడిలో చెక్కిందీ వాడే మరి.

పదకొండు రోజులు. పన్నెండో రోజున ముద్ర బీరువాలోకి పోయింది. ఉత్తరాల మీద మళ్ళీ ఆ పాత బోడి ముద్రే.

ప్రహ్లాద అడగడానికి వెళ్ళాడు. “బాబూ, ఆ ముద్రలో ఏమైందంటే...” అని ఆమె మొదలుపెట్టింది. పూర్తి చేయనిస్తేగా! “చరిత్రకు తాళం వేసే హక్కు మీకెవరిచ్చారు? సంస్కృతి ప్రజల సొత్తు!” అని అరిచి, తలుపు తోసుకుని బయటికి వచ్చేశాడు. అది స్ప్రింగు తలుపు. తిరిగొచ్చి మోచేతికి తగిలింది. కోపం రెండింతలైంది.

మూడో రోజు పొద్దున నాలుగు పేజీల అర్జీతో కొట్టుకు వచ్చాడు. కొట్టు ఉస్తాద్ దస్తగిరిది. నలభై ఏళ్ళుగా ముద్రలు చెక్కుతున్న మనిషి. ప్రహ్లాద ఆయన దగ్గర నాలుగేళ్ళుగా పని నేర్చుకుంటున్నాడు.

“జిల్లా అధికారికి రాశాను ఉస్తాద్, వినండి. ‘గతాన్ని చెరిపే చేతులే రేపటికి సంకెళ్ళు వేస్తాయి...’”

ఉస్తాద్ ఇత్తడి బిళ్ళ అంచును ఆకురాయితో రుద్దుతూనే ఉన్నాడు. “ఈ సంకెళ్ళ మాట నీదేనా?”

“ఎక్కడో చదివాను.”

“బాగుంది. చివర ఏం రాసినావు?”

“కవరు మీద ముద్ర పడిన రోజు నుంచి పదిహేను రోజుల్లో జవాబు రావాలి. రాకుంటే నిరాహార దీక్ష!”

“ఇప్పుడే రెండు ప్లేట్ల ఉగ్గాని తింటివి కదరా, నీకు దీక్షా?” ఉస్తాద్ నవ్వి చెయ్యి చాపాడు. “కవరు ఇట్లియ్యి.”

పోస్టాఫీసుకు ఇచ్చే ముందు ప్రహ్లాద అలాంటిదే ఇంకో ముద్ర చెక్కి చూసుకున్నాడు. అది కొట్లోనే ఉంది. ఉస్తాద్ అటు తిరిగి, చిమటాతో చిన్న అంకెల ముక్కలు ఏరి ముద్ర మధ్యలో బిగించాడు. సిరా అద్ది కవరు మీద ఒత్తాడు.

గోపురం పడింది. పక్కన రెండు రాతి గుర్రాలు, కోట బురుజు, ఏనుగుల సాల, కోట కట్టిన రాజుగారి చిహ్నమైన వరాహం. వరాహానికి కోరలు కూడా. ప్రహ్లాద ఛాతీ ఉబ్బింది.

“నేను పెట్టిన తేదీ ఏదిరా?” అన్నాడు ఉస్తాద్.

ప్రహ్లాద వంగి చూశాడు. గుమ్మంలో వెలుగుకు పెట్టి చూశాడు. భూతద్దం తెచ్చాడు. ఒక అంకె మూడో ఎనిమిదో తెలియలేదు. గుర్రం తోక తగిలి ఒకటి ఏడులా ఉంది. నెల ఉండాల్సిన చోట వరాహం కాలు.

“సిరా ఎక్కువైంది,” అన్నాడు విసుగ్గా.

“అయితే నువ్వే కొట్టు.”

తుడిచి, పలచగా అద్ది, మెల్లగా కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కవరు మీద ఖాళీ లేకుండా గోపురాలు నిండాయి.

“ఇంతకూ ఆ పదిహేను రోజులు ఎప్పటికి నిండుతాయిరా?”

ప్రహ్లాద మోచెయ్యి రుద్దుకున్నాడు. తర్వాత నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకుని, ఒక కార్డు తీసుకుని రాశాడు.

“పోస్టుమాస్టరు గారికి. మొన్న మిమ్మల్ని మాట్లాడనివ్వలేదు. గుర్రాలు తీసేస్తాను. వరాహాన్ని కూడా. గోపురాన్ని మాత్రం తీయను. కొత్త ముద్ర మీకు సమ్మతమో కాదో తప్పకుండా చెప్పాలి. గడువు: డిసెంబరు 9.”