గూటిలో తడిమట్టి

అనగనగా గాలికి తీరిక దొరకని ఒక వాగు ఒడ్డు. ఆ ఒడ్డున ఒక ఈతచెట్టు. దాని మట్టల చివర గిజిగాళ్లు గూళ్లు అల్లుకుని కాపురముండేవి. వాటిలో పసిడితల అనే కుర్ర గిజిగాడు ఆ ఏడే మొదటిసారి ఇల్లు కడుతున్నాడు.

గిజిగాళ్లలో ఒక ఆచారం ఉంది. మగపక్షి గూడు అల్లాలి, ఆడపక్షి వచ్చి చూడాలి. నచ్చితేనే కాపురం. గరికమ్మ అనే ఆడపక్షి పసిడితల అల్లిక చూసి ముచ్చటపడింది. లోపలికి వెళ్లి కూర్చుంది. అంతలో గాలి వీచింది. గూడు గిర్రున తిరిగింది. గరికమ్మ చప్పున బయటికి వచ్చేసింది.

"ఇందులో గుడ్లు పెడితే వాగులో పడతాయి. వానలు దిగేలోగా గూడు నిలబెట్టు, వస్తాను. లేదంటే నా దారి నాది" అని చెప్పి ఎగిరిపోయింది.

పసిడితలకు పౌరుషం వచ్చింది. నిలబెట్టి తీరాలనుకున్నాడు. ఈతమట్ట ఊగడం వల్లే గూడు ఊగుతోందని తలచి, పక్కనున్న తుమ్మచెట్టు లావుపాటి కొమ్మకు కొత్త గూడు బిగించి కట్టాడు. కొమ్మ కదల్లేదు. గాలి మాత్రం ఆగలేదు. కట్టు దగ్గర గూడు పుటుక్కున తెగి వాగు పాలైంది.

ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. తెల్లారగానే మళ్లీ గడ్డి చీల్చాడు. ఈసారి ఈతమట్టకే గూడు అల్లి, పైన పొర మీద పొర గడ్డి కప్పాడు. గూడు గుమ్మడికాయంత అయింది. పెద్ద గూటికి పెద్ద గాలే తగిలింది. అదీ పోయింది.

మబ్బులు కమ్ముకొస్తున్నాయి. పసిడితల దిగాలుగా చుట్టూ చూశాడు. పక్క మట్టకు వేలాడే తన బాబాయి గూడు అదే గాలిలో నెమ్మదిగా ఊగుతోంది, అంతే. బాబాయి తడిమట్టి ముక్కున కరిచి తెచ్చి గూటి లోపల పూస్తుంటే, ఇంట్లో బురద పెట్టుకునేవాళ్లను ఇక్కడే చూస్తున్నానని పసిడితల ఎన్నోసార్లు వెక్కిరించాడు. ఇప్పుడు సిగ్గు దిగమింగుకుని వెళ్లి సంగతి అడిగాడు.

బాబాయి పాత మాటలేవీ ఎత్తలేదు. "గాలి మన మాట వినదురా అబ్బాయ్. నువ్వు గట్టిదనం బయట వెతుక్కున్నావు. లోపల బరువుంటే గూడు ఊగుతుంది కానీ తిరగబడదు. అలాగని మట్టి అంతా ఒక్కసారే నింపకు, తెగుతుంది. రోజుకు ఇంత పెట్టు, ఆరనివ్వు" అన్నాడు.

పసిడితల నాలుగో గూడు మొదలుపెట్టాడు. ఆకు కదలని రోజున కూడా, ఇవాళ ఎందుకులే అనిపించిన రోజున కూడా, వాగులోకి దిగి ముక్కుకు పట్టినంత మట్టి తెచ్చాడు.

తొలి చినుకులతో పాటే గరికమ్మ వచ్చింది. ఆమె లోపల అడుగు పెట్టగానే ఈదురుగాలి లేచింది. ఈతచెట్టు వంగింది. గూడు అటూ ఇటూ ఊగింది. పసిడితల పక్క మట్టను పట్టుకుని చూస్తున్నాడు.

గాలి తగ్గాక గరికమ్మ తల బయటపెట్టింది. "ఊగితే ఊగనీ, పడదుగా. మెత్తటి పీచు పట్టుకురా, గుడ్లు పెట్టాలి" అంది.

వీచే గాలిని ఆపడం ఎవరి తరమూ కాదు. గాలి లేని రోజున కూడా కాస్త కాస్తగా మనసులో నిబ్బరం కూడబెట్టుకున్నవారే గాలి వచ్చిన రోజున నిలబడతారు.