చాక్లెట్ పక్షాన నాలుగు మాటలు

వకుళాదేవి గారు ప్రశ్నకు కూర్చున్నచోట జవాబు చెప్పగా చూసినవాళ్ళు హనుమకొండలో లేరు. ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక ఇంటి వరండాలో ఆడపిల్లలకు వాదనలో తర్ఫీదు ఇస్తున్న మనిషి. మాటలే ఆవిడ సరుకు. అయినా శిష్యురాలెవరైనా నిజంగా తెలుసుకోవాలని ఏదైనా అడిగితే మాత్రం మాట కట్టిపెట్టి చెప్పులు తొడుక్కునేవారు. ఎక్కడికో వెళ్ళేవారు, ఏదో చేయించేవారు. జవాబు దొరికిందా లేదా అన్నది అడిగినవాళ్ళు చూసుకోవలసిందే.

ఆ వరండాలో రెండు నియమాలుండేవి. ఎదుటివాళ్ళ వాదాన్ని ఖండించే ముందు దాన్ని వాళ్ళ తరఫున నిలబడి చెప్పాలి; వాళ్ళు "అవును, నా మాట ఇదే" అని ఒప్పుకున్నాకే ఖండనకు నోరు తెరవాలి. ఇక వాదన మధ్యలో ఆవిడ చేతిగంట మోగిస్తే, ఉన్నపళంగా పక్షం మార్చెయ్యాలి. అప్పటిదాకా తిట్టిపోసిన దాన్నే నెత్తిన పెట్టుకోవాలి, వాక్యం సగంలో ఉన్నా సరే. ఈ గంట ఆటలో రవళిని మించినవాళ్ళు లేరు. ఇరవయ్యేళ్ళ పిల్ల. గంట చప్పుడు గాలిలో ఉండగానే అటు దూకి, ఇందాకటి తన మాటల్నే ఉతికి ఆరేసేది. చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయేవారు.

ఆ రవళి ఒక ఆదివారం తరగతి ముగిసినా లేవలేదు. తోటివాళ్ళంతా వెళ్ళేదాకా ఆగి, "మేడమ్, గెలిచిన వాదన ఎందుకు పనిచెయ్యదు?" అని అడిగింది.

విషయం ఇది. రవళి తండ్రి ఓదేలు ఒక బడి బస్సు నడుపుతాడు. తల్లి ఆరేళ్ళ కిందట షుగరు ముదిరి చనిపోయింది. ఇంట్లో మిగిలింది ఇద్దరే. ఈ ఏడు తండ్రికీ అదే జబ్బు బయటపడింది. పొద్దున మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో కదలొద్దనీ, ఓట్స్ లాంటిది ఏదైనా తినమనీ డాక్టరు రాసిచ్చాడు. అంతలో ఖాకీ చొక్కాలు ఉతుకుతుంటే జేబుల్లో చాక్లెట్ కాగితాలు కనబడ్డాయి. రవళి ఊరుకునే రకం కాదు. వారాల తరబడి పోగుచేసి, ఇరవై మూడు కాగితాలను పాత పేపరు మీద తేదీల వరసన పరిచి, పక్కన డాక్టరు చీటీ పెట్టి, తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టి పదకొండు నిమిషాలు మాట్లాడింది. ఒక్క పాయింటు కూడా వదల్లేదు. మర్నాడు క్యారెట్టు, బీన్సు, అవిసె గింజల పొడి, చెంచాడు మెంతిపొడి వేసి ఓట్స్ ఉప్మా చేసి పెట్టింది. తండ్రి రెండు ముద్దలు తిని లేచాడు. ఆ మర్నాటి నుంచీ గిన్నె ముందు కూర్చోవడమే మానేశాడు. పద్దెనిమిది రోజులుగా మాత్ర మింగి, నీళ్ళు తాగి వెళ్ళిపోతున్నాడు. నిన్న శనివారం షెడ్డులో బస్సు దిగుతూ కళ్ళు తిరిగి టైరుకు ఆనుకుని కూర్చుండిపోతే ఇన్‌చార్జి చూశాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే తాళాలు తీసుకుని గేటు దగ్గర కాపలాకు స్టూలు వేస్తానన్నాడు. ఇరవై ఏడేళ్ళుగా స్టీరింగు పట్టిన చేతులవి.

అంతా విని వకుళాదేవి గారు, ఆ పదకొండు నిమిషాల తర్వాత ఆయన ఏమన్నారని అడిగారు. ఏమీ అనలేదనీ, అనడానికి ఆయన దగ్గర ఏముందనీ రవళి అంది. అనడంలో, ఆ దిగులులో కూడా, కాస్త గర్వం తొంగిచూసింది. ఆవిడ అది చూసీ చూడనట్టు, నాన్నగారు ఎన్నింటికి బయల్దేరతారో మాత్రం కనుక్కున్నారు. ఆరూ ఇరవైకి.

సోమవారం పొద్దున ఐదుంబావుకల్లా ఆవిడ వాళ్ళ గుమ్మంలో ఉన్నారు, చేతిలో గుడ్డసంచీతో. గడ్డం గీసుకోవడం అప్పుడే ముగించిన ఓదేలు నురగ మూతితోనే కుర్చీ తెచ్చి వేశాడు. ఈ రోజు తరగతి ఇక్కడేననీ, తీర్పు చెప్పేది ఆయనేననీ ఆవిడ చెప్పేసరికి, డ్యూటీ ఉన్నదని నసిగాడు. ఆరూ ఇరవై దాటనివ్వనని ఆవిడ మాటిచ్చారు. ఇక తప్పక, తువ్వాలుతో మూతి తుడుచుకుని, ఎవరో ఫొటో తీస్తున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు.

"ఈ ఇంట్లో పొద్దున పూట చాక్లెట్ ఉండాలి. ఇదీ విషయం," అన్నారు వకుళాదేవి గారు. సంచీలోంచి గంట తీసి మోగించారు. "అనుకూల పక్షం, రవళి."

గంట వినగానే రవళి ఒంట్లో ఎప్పటి కరెంటే పాకింది. ఇదా పరీక్ష, చిటికెలో పని అనుకుంది. గొంతు సవరించుకుని, రోజంతా రోడ్డు మీద దుమ్ము తినే మనిషి నాలుకకు ఒక్క చిన్న సుఖం కూడా వద్దనడం ఎంత అన్యాయమో ధారాళంగా చెప్పింది. తండ్రి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయనుకుంది. ఓదేలు మాత్రం తల అడ్డంగా ఊపాడు. తనది నాలుక యావ కాదన్నాడు.

అయితే అలసట, అంది రవళి. తీపి తింటే ఒంటికి తక్షణం సత్తువ వస్తుందనీ, ట్రాఫిక్‌లో ఆ చురుకు అవసరమనీ లెక్కలతో సహా అందుకుంది. ఓదేలు ఈసారి నవ్వాపుకుంటూ తల ఊపాడు, అదీ అడ్డంగానే. "నేను అలిసిపోయిన్నని నీకెవలు చెప్పిన్రు బిడ్డా?" అన్నాడు.

గోడ గడియారం ఐదూ నలభై చూపిస్తోంది. రవళి మూడోసారి నోరు తెరిచింది. ఎన్నెన్ని వేదికలు, ఎంతమంది కొమ్ములు తిరిగిన వాదులు, ఎప్పుడూ మాట తడుముకోని పిల్ల. ఇప్పుడు వెతికితే ఒక్క వాక్యం దొరకలేదు. ఇంతకాలం ఒకే కప్పు కింద ఉన్న మనిషి పక్షం తనకు తెలియదు. ఆ కాగితాలన్నీ ఏరింది, తేదీలు రాసింది, ఎందుకు తిన్నావని మాత్రం అడగలేదు. వకుళాదేవి గారు కిటికీలోంచి ఎవరిదో కుక్కను చూస్తున్నారు.

"బాపూ, నాకు తెల్వది," అంది చివరికి. "నువ్వే చెప్పు."

ఓదేలు మేడమ్ వైపు చూసి, నవ్వొద్దని ముందే అడిగి మొదలుపెట్టాడు. లారీ మీద బండి నేర్పిన ఉస్తాదు, తాళం తిప్పే ముందు రోజూ బెల్లం ముక్క నోట్లో వేసేవాడట. నోరు తీపి చేసుకోకుండా బండి ముట్టొద్దని ఆయన పెట్టిన కట్టు. పెళ్ళయ్యాక ఆ ముక్క రవళి తల్లి పెట్టేది. ఆమె పోయాక అడగడానికి ఎవరూ లేరు. బస్సులో ఎవరి పుట్టినరోజైనా పిల్లలు మొదటి చాక్లెట్ డ్రైవరంకుల్‌కే ఇస్తారు, వాటిని దాచుకుని పొద్దునకొకటి వేసుకునేవాడు. అదీ పేపరు మీద కాగితాలు పరిచిన రోజునే మానేశాడు. ఆ తర్వాత ఒక్కటీ ముట్టలేదు. అంటే కూతురి వాదానికి ఆయన ఆ క్షణానే ఒప్పుకున్నాడు. కానీ ఆమె పెట్టిన ఓట్స్‌లో మెంతిపొడి గొంతు దాకా చేదు. అది తిని బయల్దేరడం కంటే ఏమీ తినకపోవడమే నయమనిపించింది.

"చేదు నోటితోటి యాభై మంది పిల్లల్ని ఎక్కించుకోను బిడ్డా. గంతే నా మాట." నేల చూస్తూ అన్నాడు. "నువ్వు చదువుకున్నదానివి. మూఢనమ్మకం అంటవని ఊకున్న."

రవళి లేచి నిలబడింది. ఈసారి గొంతు సవరించుకోలేదు. తన తండ్రికి చాక్లెట్ మీద మోజు లేదనీ, పరాయివాళ్ళ పిల్లల్ని క్షేమంగా దింపే పనికి ఒక తీపి మొదలు కావాలనీ, అది ముప్ఫై గ్రాములా మూడు గ్రాములా అన్నది ఆయనకు పట్టింపే కాదనీ చెప్పింది. నాలుగంటే నాలుగే మాటలు. ఓదేలు తల ఈసారి నిలువుగా ఊగింది. "అవును. నా మాట గిదే."

ఐదూ యాభై ఐదు. వకుళాదేవి గారు సంచీలోంచి ఒక డబ్బా, ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టారు: చక్కెర లేని కోకో పొడి, నాలుగు ఖర్జూరాలు. రవళికి ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. వంటింట్లోకి ఒక్క ఉరుకు ఉరికింది. మూకుడు పెట్టడం, ఓట్స్ కమ్మటి వాసన వచ్చేదాకా వేయించడం, నీళ్ళు పొయ్యడం, రెండు ఖర్జూరాల గింజలు తీసి చితక్కొట్టి వెయ్యడం, అన్నీ ఒకేసారి జరిగిపోతున్నట్టున్నాయి. గాజులు గలగలా, గరిటె టకటకా. ఉడుకుతున్న ఓట్స్‌లో కోకో పొడి గుమ్మరించింది. పొడి కరగలేదు. మేకపెంటికల్లా ఉండలు కట్టి పైకి తేలింది. గరిటెతో చితుకుతుంటే ఇంకా బిరుసెక్కింది. ఇరవై నిమిషాలే ఉన్నాయి. రవళికి ఏడుపొక్కటే తక్కువ.

"చల్ల పాలల్ల కలుపుకోవాలె ముందుగాల," అని వినబడింది. ఓదేలు వంటింటి గడప మీద ఉన్నాడు. అక్కడికి ఆయన వచ్చి పంతొమ్మిది రోజులు. "నీ పదో తరగతి పరీక్షలప్పుడు చాక్లెట్ పాలు ఎవలు కలిపిన్రనుకున్నవ్?"

ఆ ఉండల్ని గిన్నెతో సహా పక్కన పెట్టేశారు. మళ్ళీ మొదలు. ఈసారి రెండు జతల చేతులు. ఆయన చిన్న గ్లాసులో చల్లటి పాలు పోసి, చెంచాడు పొడి వేసి, గుజ్జయ్యేదాకా నింపాదిగా కలిపాడు. గేరు మార్చే చెయ్యి కదా, తొందర పడదు. ఆమె ఓట్స్ ఉడికించి, మిగిలిన రెండు ఖర్జూరాలు వేసి, ఆ గుజ్జు పోసింది. మూకుడంతా ఒక్కసారి ముదురు గోధుమ రంగులోకి తిరిగి నిగనిగలాడింది. ఇల్లంతా పుట్టినరోజు వాసన. రవళి చెయ్యి అలవాటుగా అవిసె పొడి సీసా మీదికి పోయి ఆగింది. ఇది వెయ్యనా అని అడిగింది. ఓదేలు చిటికెడు నాలుక మీద వేసుకుని, చేదు లేదు, వెయ్యమన్నాడు. మెంతిపొడి సీసా వైపు ఇద్దరూ చూడలేదు. పైన నాలుగు పల్లీలు చల్లారు.

మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఓదేలు కళ్ళు మూసుకున్నాడు. ఏ పోటీలోనూ ఫలితం కోసం రవళి ఇంతగా ఎదురుచూడలేదు. పంతొమ్మిది రోజులు, ఇరవై ఏడేళ్ళు, గేటు దగ్గరి స్టూలు, అన్నీ ఆ చెంచా కొసన వేలాడుతున్నాయి. కోకో కొంచెం వగరుగా తగిలినట్టుంది, ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత ఖర్జూరం పంటికింద పడింది. కనుబొమలు విడిపోయాయి. రెండో చెంచా తీసుకున్నాడు. మూడోదానికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆరూ పద్దెనిమిదికి మూతి తుడుచుకుని లేచి, ఖాకీ చొక్కా బొత్తాలు పెట్టుకుని, బస్సు తాళం చెవి వేలికి తగిలించుకున్నాడు. మేడమ్‌కు దండం పెట్టాడు. మెట్టు దిగబోతూ వెనక్కి తిరిగి, కూతురితో అన్నాడు: "పొద్దుమీకి వచ్చినంక నీ మాట నేను చెప్త. గా పదకొండు నిమిషాలు ఎందుకు గట్ల కొట్లాడినవో. తప్పు చెప్తే తల అడ్డం ఊపు."

సైకిలు చప్పుడు సందు మలుపు దాటింది. రవళి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. వంటింట్లోంచి ముందు గదిలోకి, ముందు గదిలోంచి వంటింట్లోకి తిరుగుతోంది. సాయంత్రం ఆయన ఏమంటాడో, తనేమనాలో, ఏ మాటకు తల ఊపాలో అప్పుడే కట్టుకుంటోంది. అమ్మ ఆఖరి నెలల సంగతి ఆయన ఎత్తుతాడా? ఆరేళ్ళుగా వాళ్ళిద్దరూ ఆ ఊసు ఎత్తలేదు. ఉన్నట్టుండి ఆగింది.

"మేడమ్, అయితే ఆ రోజు నేను గెలిచినట్టా, ఓడినట్టా?"

వకుళాదేవి గారు మూకుడులో మిగిలినదాన్ని రెండు గిన్నెల్లోకి సర్ది, ఒకటి ఆమె ముందుకు జరిపారు.

"ఇవి చల్లారితే గట్టిపడిపోతాయమ్మాయ్," అన్నారు. "వేడిగా ఉండగా తిను."