అసిరమ్మ చేతులు

అనగనగా ఒక ఏరు. ఏటి ఒడ్డున ఒక జూట్ మిల్లు. మిల్లు వెనక కూలీల ఇళ్ళ వరస. ఆ వరసలో ఒక ఇంట్లో పొడుగుకాళ్ళ పిల్ల ఉండేది. పేరు అసిరమ్మ. ఎప్పటి మాట అని మాత్రం అడక్కండి. చెప్పినవాళ్ళకే తెలీదు.

మిల్లు కూలీలు షిఫ్టు దిగి, ఏటి ఇసకలో రెండు గెడకర్రలు పాతి, చిరిగిన చేపల వల కట్టి వాలీబాల్ ఆడేవాళ్ళు. ఒకరోజు ఒక మనిషి తక్కువయ్యాడు. అసిరమ్మ అన్న అప్పన్న, "మా చెల్లిని నిలబెడదాం. పొడుగ్గానే ఉంది కదా" అన్నాడు. అందరూ నవ్వారు. అసిరమ్మ ఎగిరింది. వల మీద నుంచి బంతిని అవతలి ఇసకలోకి దిగ్గొట్టింది. నవ్వినవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు.

అయితే ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. అసిరమ్మకి భయం. అలాంటిలాంటి భయం కాదు. ఆట మొదలవుతుందంటే చాలు, నోరెండిపోయేది. రెండు చేతులూ గాలికి జొన్నాకు ఊగినట్టు ఊగేవి.

ఆ మొదటిరోజే నాయన చూశాడు. "ఏటే, వణుకుతున్నావా?" అన్నాడు.

"లేదు నాయనా" అని చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

వణికింది. వణకనట్టు నిలబడింది.

పిల్ల పెద్దదయింది. కాలేజీకి ఆడింది, యూనివర్సిటీకి ఆడింది. ఎగిరి బంతి దించే షూటర్ అంటే అసిరమ్మే అన్నారు. చివరికి రాష్ట్రం జట్టుకి ఎంపిక చేస్తాం రమ్మని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే కుడి మోకాలు వాచింది. కాలు కింద పెడితే ప్రాణం పోతోంది. ఎవరికైనా చెబితే ఆడనివ్వరేమో. ఆడకపోతే మళ్ళీ పిలవరేమో. పిలవకపోతే మిల్లులో నార పీక్కోవాలేమో. రైల్లో దారి పొడుగునా ఇదే ఆలోచన. పైజామా కింద మోకాలికి గుడ్డ బిగించి కట్టుకుంది.

"కాలు ఈడుస్తున్నావేంటమ్మా? బాగానే ఉందా?" అని అడిగాడు ఎంపికకి వచ్చిన పెద్దాయన.

"బాగానే ఉందండీ."

వణికింది. వణకనట్టు నిలబడింది.

ఒకసారి ఎగిరింది, బంతి దిగింది. రెండోసారి ఎగిరింది, బంతి దిగింది. మూడోసారి ఎగిరి కిందికి దిగినప్పుడు మోకాల్లో ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. కోర్టు అవతలి చివరన ఉన్నవాళ్ళకి కూడా వినబడిందట. ఆ తర్వాత అసిరమ్మ నడిచింది, కుంటుతూ పరిగెత్తింది. ఎగరడం మాత్రం మళ్ళీ లేదు.

కొన్నేళ్ళకి, తను చదువుకున్న ఆడపిల్లల కాలేజీలోనే ఆట నేర్పే పని దొరికింది. పేరుకి కోచ్. పొద్దున్నే వచ్చి కోర్టు ఊడ్చేది ఆవిడే, సున్నంతో గీతలు గీసేది ఆవిడే, తెగిన నెట్టు కుట్టేది ఆవిడే. గొంతు మాత్రం గట్టిది. మైదానంలో "ఎగురే!" అని అరిస్తే, క్లాసుల్లో కూచున్న పిల్లలు కూడా ఉలిక్కిపడేవారు. మ్యాచి జరుగుతుంటే రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుని గీత పక్కన నిలబడేది. "ఓలమ్మా, మేడమ్‌కి భయమంటే తెలీదే!" అనుకునేవారు ఆడపిల్లలు. ఆ చేతులు చంకల్లో ఎందుకున్నాయో ఒక్కరికీ తెలీదు.

వణికింది. వణకనట్టు నిలబడింది. ఎన్నేళ్ళో అలా గడిచిపోయాయి.

అప్పుడొచ్చింది సీతాలు. కొండ కింద పల్లె. సన్నటి పిల్ల, బంతిని దూదిలా లేపి ఇచ్చేది. జిల్లా పోటీల రోజు పొద్దున్న సీతాలు అన్నం ముట్టలేదు. పెదాలు తెల్లబడిపోయాయి. అసిరమ్మ చూసింది. చూడగానే తెలిసిపోయింది. తెలియకేం, తను పుట్టి పెరిగిన ఊరు గుర్తుపట్టినట్టే గుర్తుపట్టింది.

"భయమేస్తోందా?" అంది.

"లేదు మేడమ్" అంది సీతాలు. చేతులు వెనక్కి పెట్టుకుంది.

అసిరమ్మ ఇంకేమీ అడగలేదు. అడిగితే తన సంగతి కూడా చెప్పాల్సొస్తుందని అడగలేదు. మ్యాచి సగంలో సీతాలు కోర్టులోనే కళ్ళు తిరిగి పడిపోయింది. ఆట పోయింది. జనం ముందు అసిరమ్మకి తల కొట్టేసినట్టయింది. "ఇంత పిరికిదానివి ఎందుకొచ్చావే ఆటకి?" అని అరిచేసింది.

ఆ మాట అన్నాక వెనక్కి తీసుకోవడం ఎవరి తరం? సీతాలు మర్నాడు రాలేదు. ఆ వారం రాలేదు. ఆ నెలా రాలేదు. అసిరమ్మ బస్సెక్కి, ఆ పైన మూడు మైళ్ళు కుంటుకుంటూ నడిచి, ఆ పల్లెకి వెళ్ళింది. సీతాలు తల్లి గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"మా పిల్ల నూతి కాడికెళ్ళడానికి కూడా జంకుతోందమ్మా. మీరేటన్నారో నాకు తెలీదు. ఇంక రాదు."

తలుపు వెనక గాజుల చప్పుడైంది. పిల్ల అక్కడే ఉంది.

"సీతాలూ, తప్పు నాదే" అంది అసిరమ్మ, తలుపుకేసి చూస్తూ. గాజులు మరి చప్పుడు చెయ్యలేదు.

కథల్లో అయితే అలాంటి పిల్ల తిరిగొస్తుంది. ఇక్కడ రాలేదు.

ఆ తర్వాత అసిరమ్మకి నిద్రా లేదు, తిండీ లేదు. ఏ పిల్ల కాస్త నీరసంగా కనబడినా గుండె గుభేలుమనేది. ఈ పిల్ల కూడా వెళ్ళిపోతుందా? ఈ పిల్లని కూడా నేనే పాడు చేస్తానా? అంత గొంతూ చిన్నబోయింది. ఇది చాలదన్నట్టు ప్రిన్సిపాలమ్మ పిలిపించి, "అసిరమ్మా, ఆ మైదానంలో గదులు కట్టాలంటోంది కమిటీ. ఈసారి జిల్లా కప్పు రాకపోతే కోర్టుని కాపాడటం నా వల్ల కాదు" అంది.

కప్పు కోసం ఆఖరి ఆట. చెరి రెండు గేములూ గెలిచి అయిదో గేములో ఉన్నారు. అవతలివాళ్ళవి పద్నాలుగు పాయింట్లు, మనవి పదమూడు. ఒక్కటి పోతే అంతా పోయినట్టే. సర్వీసు నూకరత్నానిది. జట్టులో అందరికంటే చిన్నది. బంతి చేతిలోకి తీసుకుంది, జారిపోయింది. తీసుకుంది, మళ్ళీ జారిపోయింది. అవతలివాళ్ళు నవ్వారు. కెప్టెన్ తవిటమ్మ గీత వైపు తిరిగి మేడమ్‌ని చూసింది.

అసిరమ్మ టైమ్ అడిగింది. ముప్పై సెకన్లు ఇచ్చారు. ఆరుగురు పిల్లలూ పరిగెత్తుకొచ్చి చుట్టూ నిలబడ్డారు. ఏం చెబుతుందా అని చూస్తున్నారు. అసిరమ్మ "భయపడకండి" అందామని నోరు తెరిచింది. ఆ నోటితోనే సీతాల్ని అన్న మాట గుర్తొచ్చింది. పది సెకన్లు గడిచిపోయాయి.

అప్పుడు అసిరమ్మ చంకల్లోంచి చేతులు బయటికి తీసింది. పిల్లల మధ్యకి చాపింది.

ఊగుతున్నాయి. వేళ్ళ చివర్ల దాకా ఊగుతున్నాయి.

"ఏటి మేడమ్ ఇది!" అంది తవిటమ్మ, అదిరిపడి.

"ఇది ఇవాల్టిది కాదే. పదేళ్ళ పిల్లనప్పుడు పట్టుకుంది. ఇన్నేళ్ళూ దాచేశాను. దాచి కాలు పోగొట్టుకున్నాను. దాచి ఒక పిల్లని పోగొట్టుకున్నాను. ఇంక నా వల్ల కాదు." నూకరత్నం వైపు తిరిగింది. "నీకు వణుకుతోందా?"

నూకరత్నం వెనక్కి పెట్టుకున్న చేతులు నెమ్మదిగా ముందుకి చాపింది. "వణుకుతోంది మేడమ్."

"నాకూ" అంది తవిటమ్మ. "నాకూ" అంది ఇంకో పిల్ల. ఆరు జతల చేతులు. ఒకటే వణుకు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఈల మోగింది.

"అయితే పద" అంది అసిరమ్మ.

నూకరత్నం వణుకుతున్న చేత్తోనే బంతి కొట్టింది. బంతి నెట్టు అంచుని తగిలి, ఆగి, ఆలోచించుకుని, అవతల పడింది. పద్నాలుగూ పద్నాలుగు. మైదానం హోరెత్తిపోయింది.

గెలిచారా అని అడుగుతారు. లేదు. అవతలివాళ్ళు పదహారుకి చేరిపోయారు, వీళ్ళు ఓడిపోయారు.

మర్నాడు అసిరమ్మ ప్రిన్సిపాలమ్మ గదికి వెళ్ళింది. ఈసారి చేతులు దాచలేదు. బల్ల మీద పెట్టింది. బల్ల మీదున్న గ్లాసులో నీళ్ళు కదిలాయి.

"అమ్మా, చూస్తున్నారుగా, ఎంత భయంగా ఉందో. అయినా అడుగుతున్నాను. ఒక్క ఏడాది ఇవ్వండి."

ప్రిన్సిపాలమ్మ ఆ గ్లాసుని పక్కకి జరిపింది. "కమిటీకి ఏం చెప్పాలో తలుచుకుంటే నాకూ అలాగే ఉంది" అంది. "ఒక్క ఏడాదే సుమా."

ఆ ఏడూ ఓడిపోయారు. ఆపై ఏడూ ఓడిపోయారు. ప్రతిసారీ అసిరమ్మ వెళ్ళి బల్ల మీద చేతులు పెట్టింది. మూడో ఏడు కప్పు వచ్చింది. గదుల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అసిరమ్మ పెళ్ళి చేసుకోలేదు. చాలా ఏళ్ళు అదే కోర్టులో గీతలు గీసింది. ఒక వానాకాలంలో జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది.

మిల్లు వరసలో జనం చేరారు. అన్న అప్పన్న ముసలివాడైపోయాడు, నడుము లేవదు. ఇరుగుపొరుగు మగవాళ్ళు పాడె ఎత్తబోయారు. అప్పుడు తవిటమ్మ ముందుకొచ్చింది. ఆ వెనక నూకరత్నం. ఆ వెనక ఇంకో ఇద్దరు. తలలు నెరుస్తున్నవాళ్ళు.

"మేం మోస్తాం" అంది తవిటమ్మ.

"ఆడోళ్ళు పాడె పట్టడమేటి? ఎక్కడైనా ఉందా?" అని లేచాడొక పెద్దమనిషి. జనం గుసగుసలు మొదలెట్టారు. వీధి వీధంతా వాళ్ళనే చూస్తోంది. అంతకుముందు ఆ వీధిలో ఏ ఆడదీ చెయ్యని పని. ఒక్కరు వెనక్కి తగ్గితే నలుగురూ తగ్గేవాళ్ళే.

నూకరత్నం తవిటమ్మ వైపు చేతులు చాపింది. "నాకు వణుకుతోందప్పా. నీకో?"

"నాకూ వణుకుతోంది" అంది తవిటమ్మ.

"అయితే ఎత్తు."

అప్పన్న ఒక్కడే, "ఎత్తండమ్మా" అన్నాడు. పెద్దమనిషి పక్కకి జరిగాడు. నలుగురూ భుజాలకెత్తుకున్నారు. పాడె దారి పొడుగునా వణుకుతూనే పోయింది. పడలేదు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఊళ్ళలో చూడొచ్చు. పరీక్ష హాలు గుమ్మంలో పిల్లలు, ఆపరేషన్ గది బయట అత్తాకోడళ్ళు, మొదటిసారి స్టేషన్ మెట్లెక్కి ఫిర్యాదు ఇవ్వబోతున్న ఆడమనిషీ ఆవిడకి తోడొచ్చిన పక్కింటావిడా. లోపలికి అడుగు పెట్టేముందు ఆగుతారు. ఒకరికొకరు చేతులు చాపుకుంటారు. భయపడకు అని అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పరు.

"వణుకుతోందా?"

"వణుకుతోంది."

"నాకూ. అయితే పద."